మన ఇంటి చెత్త – మూడు డబ్బాల పాఠం

ప్రతి ఏడూ ఈ సావనీరులో నాకు గుణింతాల గురించో, సామెతల గురించో రాసే పని అప్పజెబుతారు. ఈసారి చెత్త గురించి రాస్తానంటే సంపాదక వర్గం వారు ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరువాత "సరే రాయండి, కానీ పిల్లలకు అర్థమయ్యేలా రాయండి" అన్నారు. పిల్లలకు బాగానే అర్థమవుతుంది. నా బెంగంతా మన పెద్దవాళ్ళ గురించే. అందులో నేనూ ఉన్నాను.

ఎందుకంటారా? పోయినేడాది మన బడి ఉగాది భోజనాలు గుర్తున్నాయి కదా. నా తరగతి పిల్లలు పదకొండు మంది ఆ రోజు ఒక పని పెట్టుకున్నారు. ఖాళీ నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింకు డబ్బాలు పోగుచేసి, వాటి మీద వచ్చే డబ్బుతో తరగతికి తెలుగు కథల పుస్తకాలు కొనాలని. రెండు పెద్ద సంచులు పట్టుకుని రెండు గంటలపాటు బల్లల మధ్య తిరిగారు. ఒకడు లెక్క రాశాడు. మొత్తం 240 వచ్చాయి. మన కాలిఫోర్నియాలో చిన్న సీసాకు 5 సెంట్లు చొప్పున 12 డాలర్లు.

హాలు నాలుగింటికల్లా ఖాళీ చేయాలి. నాలుగుకు పది నిమిషాలు తక్కువ ఉన్నప్పుడు చూస్తే బల్లల మీద సాంబారు పళ్ళేలు, సగం తిన్న పులిహోర, ఉగాది పచ్చడి కప్పులు అలాగే ఉన్నాయి. చేతికి దొరికిన సంచీలో అవన్నీ ఎత్తి వేశాను. అవి పిల్లల సంచులే. రెండిటినీ మూటగట్టి నీలం డబ్బాలో పడేశాను.

నా వెనకే నిలబడి ఒక పాప చూస్తోంది. తొమ్మిదేళ్ళుంటాయి. "మాస్టారూ, అది మా సీసాల సంచి" అంది.

"పరవాలేదులేమ్మా, అక్కడ వాళ్ళు ఏరుకుంటారు" అన్నాను.

"వాళ్ళు అంటే ఎవరు?"

నా దగ్గర జవాబు లేదు. తరువాతి వారం హాలు వాళ్ళ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. నీలం డబ్బాలో అన్నం, సాంబారు కలిసినందువల్ల మొత్తం డబ్బాను చెత్త కింద తీసుకుపోయారని, అందుకు అదనపు రుసుము కట్టాలని. 12 డాలర్లు పోయాయి, పైగా జరిమానా. పుస్తకాలు రాలేదు. ఈ వ్యాసం ఆ పాప ప్రశ్నకు నేను ఏడాది ఆలస్యంగా రాస్తున్న జవాబు.

1. వండకముందే ఏరాలి

ఆ సంగతి మా అమ్మతో ఫోనులో చెబితే నవ్వింది. "బియ్యంలో రాళ్ళు ఎప్పుడు ఏరతార్రా? వండకముందా, వండాకా?" అంది.

పిల్లలూ, మీలో చాలామంది చేట చూసి ఉండరు. వెదురుతో అల్లిన వెడల్పాటి పళ్ళెంలాంటిది. మా చిన్నప్పుడు బియ్యంలో మట్టిబెడ్డలు, రాళ్ళు వచ్చేవి. అమ్మ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని బియ్యం చేటలో పోసి చెరిగి, రాళ్ళు ఒక్కొక్కటే ఏరి పారేసేది. అది పది నిమిషాల పని. ఏరకుండా వండితే ఆ రాయి పంటికింద పడేదాకా తెలియదు. అప్పుడు ఏ చేటా పనికిరాదు.

చెత్త కూడా అంతే. మన వంటింట్లో అరటితొక్క అరటితొక్కే, కాగితం కాగితమే. రెండిటినీ వేరుగా వేయడానికి ఒక్క క్షణం చాలు. ఒక సంచీలో కలిపి మూటగట్టాక సాంబారులో నానిన కాగితం కాగితం కాదు. దాన్ని తిరిగి కాగితం చేయడం ఎవరి తరమూ కాదు. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన సంగతి ఇదొక్కటే. మిగిలిందంతా దీనికి వివరణ.

2. మూడు డబ్బాలు, వాటి పని

మన బే ఏరియాలో చాలా ఊళ్ళలో ఇంటి ముందు మూడు చక్రాల డబ్బాలు ఉంటాయి: ఆకుపచ్చ, నీలం, బూడిద లేక నలుపు రంగు. చిన్న చిన్న తేడాలు ఊరిని బట్టి ఉంటాయి కాబట్టి మీ ఊరివాళ్ళు పంపే జాబితాను ఫ్రిజ్ తలుపు మీద అంటించుకోండి.

ఆకుపచ్చ డబ్బా – మట్టిలో పుట్టి మట్టిలో కలిసేవి. కూరగాయల తొక్కలు, కరివేపాకు రెబ్బలు, మిగిలిన అన్నం, పప్పు, వడకట్టిన టీపొడి, చింతపండు పిప్పి, గుడ్డు పెంకులు, ఎముకలు, అరటాకులు, దేవుడికి పెట్టిన పూలు, పెరట్లో కోసిన గడ్డి. పూలదండకు నైలాను దారం ఉంటే తీసేయాలి. చేతులు తుడుచుకున్న కాగితపు రుమాళ్ళు, నూనె అంటిన పిజ్జా పెట్టె కూడా ఇందులోకే.

ఇవన్నీ కంపోస్టు కేంద్రానికి వెళతాయి. అక్కడ పెద్ద పెద్ద కుప్పలుగా పోసి గాలి, తేమ తగులుతూ ఉండేలా చూస్తారు. సూక్ష్మజీవులు వాటిని తింటుంటే కుప్ప లోపల వేడి పుడుతుంది. 55 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన ఆ వేడికి రోగక్రిములు, కలుపు విత్తనాలు చచ్చిపోతాయి. కొన్ని నెలల్లో నల్లటి ఎరువు తయారై పొలాలకు, తోటలకు పోతుంది.

అన్నాన్ని మామూలు చెత్తలో వేస్తే ఏమవుతుంది, అదీ కుళ్ళేదే కదా అని అడగవచ్చు. మంచి ప్రశ్న. చెత్త పూడ్చే చోట పైన పైన పొరలుగా చెత్త, మట్టి వేసి అదుముతారు. లోపలికి గాలి అందదు. గాలి లేకుండా కుళ్ళితే మీథేన్ అనే వాయువు పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు బలమైనది. అందుకే కాలిఫోర్నియా 2016లో ఎస్.బి. 1383 అనే చట్టం చేసింది. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం 2022 జనవరి 1 నుంచి ఊళ్ళన్నీ ఇంటింటి తడి చెత్తను వేరుగా తీసుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమైతే అంతకన్నా ముందే, 2009లోనే, ప్రతి ఇంటికీ దీన్ని తప్పనిసరి చేసింది.

నీలం డబ్బా – మళ్ళీ సరుకుగా మారేవి. శుభ్రమైన కాగితం, అట్టపెట్టెలు, గాజు సీసాలు, అల్యూమినియం డబ్బాలు, ఇనుప డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు, జాడీలు. మూడు షరతులు: ఖాళీగా ఉండాలి, శుభ్రంగా ఉండాలి, విడివిడిగా ఉండాలి. ఆవకాయ సీసాను అలాగే పడేయకండి. నూనె కాగితంతో తుడిచి, కాసిని నీళ్ళతో తొలిపితే చాలు. తోమి తళతళలాడించనక్కరలేదు. నెయ్యి డబ్బాకూ అంతే. అట్టపెట్టెలు మడిచి వేయాలి. అన్నిటినీ ప్లాస్టిక్ సంచీలో మూటగట్టి వేయకూడదు.

బూడిద లేక నల్ల డబ్బా – వేరే దారి లేనివి. చిప్స్ పొట్లాలు, థర్మోకోలు, డయపర్లు, పగిలిన పింగాణీ, దుకాణాల రసీదులు. చిప్స్ పొట్లంలో ప్లాస్టిక్, లోహం పొరలు పొరలుగా అతికి ఉంటాయి, విడదీయడం కుదరదు. పగిలిన కొరెల్ పళ్ళెం చూడటానికి గాజులా ఉన్నా నీలం డబ్బాలో వేయకూడదు. అది సీసా గాజు కరిగే వేడికి కరగదు. దాని ముక్క కలిస్తే కొత్త సీసా పాడవుతుంది. రసీదు కాగితానికి రసాయనపు పూత ఉంటుంది. కంపోస్టబుల్ అని రాసి ఉన్న ప్లాస్టిక్‌లాంటి చెంచాలు కూడా చాలా ఊళ్ళలో ఇందులోకే పోతాయి. పేరు చూసి ఆకుపచ్చ డబ్బాలో వేయకండి.

ఈ మూడో డబ్బాలోది ఎక్కడికి పోతుంది? అలమెడా కౌంటీలో ఉన్నవాళ్ళు 580 రోడ్డు మీద ట్రేసీ వైపు వెళ్ళేటప్పుడు కొండల మీద గాలిమరలు చూసే ఉంటారు. ఆల్టమాంట్ కొండలవి. గాలిమరలు చూసి ఫోటోలు తీసుకుంటాం. మన ఇళ్ళ చెత్త చాలామటుకు ఆ కొండల్లోనే పూడ్చిపెడుతున్నారని నాకు నిరుడు దాకా తెలియదు.

3. 'వాళ్ళు' అంటే ఎవరు?

పాప ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ తరగతి పిల్లలతో కలిసి నీలం డబ్బాల సరుకు వేరుచేసే కేంద్రం ఒకటి చూసి వచ్చాం. మా సాఫ్ట్‌వేరు వాళ్ళకు యంత్రాలంటే నమ్మకం ఎక్కువ. అక్కడ నిజంగానే గొప్ప యంత్రాలున్నాయి.

లారీలు నేల మీద కుమ్మరించిన సరుకు ముందు కదిలే పట్టా ఎక్కుతుంది. తరువాత వరసగా తిరిగే చక్రాల మీదుగా పోతుంది. వెడల్పాటి అట్టలు పైన తేలిపోతాయి, చిన్నవి సందుల్లోంచి కిందికి జారతాయి. గాజు పగిలి, బరువుకి అడుగున పడుతుంది. అయస్కాంతం ఇనుప డబ్బాలను పైకి లాగేస్తుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు కదా, దానికి వేరే ఉపాయం. వేగంగా తిరిగే అయస్కాంతాల చక్రం దగ్గరికి రాగానే అల్యూమినియంలో విద్యుత్తు పుట్టి, డబ్బా తనంతట తానే ఎగిరి అవతల పడుతుంది. మా పిల్లలు అక్కడే పదినిమిషాలు నిలబడ్డారు. ప్లాస్టిక్ రకాలను కంటికి కనపడని పరారుణ కాంతితో గుర్తుపట్టి, గాలి ఊది ఒక్కో రకాన్ని ఒక్కో వైపు నెడతారు.

కానీ పట్టా మొదట్లో, పక్కల్లో మనుషులు నిలబడి ఉన్నారు. చేతులకు మందపాటి తొడుగులు, ముక్కుకు గుడ్డ, చెవులకు రక్షణ. ముందుకు కదిలిపోతున్న సరుకులోంచి డయపర్లు, కుళ్ళిన అన్నం, పగిలిన గాజు, ఒక్కోసారి సూదులు చేత్తో తీసి పారేస్తున్నారు. మేం చూస్తుండగానే పట్టా ఆగిపోయింది. ప్లాస్టిక్ సంచులు తిరిగే చక్రాలకు చుట్టుకుపోయాయి. ఇద్దరు లోపలికి దిగి కత్తులతో కోసి తీశారు. రోజూ ఆపి ఈ పని చేయాల్సి వస్తుందట. ఆ సంచుల్లో బియ్యం సంచీలు కూడా ఉన్నాయి. ఏనుగు బొమ్మో, నెమలి బొమ్మో ఉండే, ప్లాస్టిక్ దారాలతో నేసిన, మన ఇరవై పౌన్ల సంచులే. నేను తల దించుకున్నాను.

పాప నా చొక్కా లాగి "మాస్టారూ, వాళ్ళు అంటే వీళ్ళా?" అంది. వీళ్ళేనమ్మా. మనలాగే పొద్దున్నే లేచి, డబ్బాలో అన్నం పెట్టుకుని పనికి వచ్చేవాళ్ళు. నేను సంచీలో పడేసిన సాంబారు పళ్ళెం వీళ్ళ చేతుల్లోకే వచ్చేది.

4. మూడు బాణాల గుర్తు చూసి మోసపోవద్దు

ఒకదాన్నొకటి తరుముతున్న మూడు బాణాల గుర్తును 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి ఒక పోటీ కోసం గీశాడు. 1988 నుంచి ప్లాస్టిక్ వస్తువుల అడుగున అలాంటి బాణాల మధ్య 1 నుంచి 7 దాకా అంకెలు వేయడం మొదలైంది. ఆ అంకె చెప్పేది అది ఏ రకం ప్లాస్టిక్కో మాత్రమే. అది మళ్ళీ పనికివస్తుందనే హామీ కాదు. 1 అంటే నీళ్ళ సీసా రకం, 2 అంటే పాల క్యాను రకం. ఈ రెండు రకాల సీసాలకు కొనేవాళ్ళున్నారు. 5 పెరుగు డబ్బా రకం, కొన్ని చోట్ల తీసుకుంటారు. 4 పల్చటి సంచుల రకం, 6 థర్మోకోలు రకం. ఇవి నీలం డబ్బాలోకి రాకూడదు. గుర్తు చూసి జనం పొరబడుతున్నారనే, నిజంగా రీసైకిల్ కానివాటి మీద ఆ బాణాలు వేయకుండా కట్టడి చేయడానికి కాలిఫోర్నియా 2021లో ఒక చట్టం చేసింది.

చాలా ఏళ్ళపాటు అమెరికా తన కాగితం, ప్లాస్టిక్‌లో పెద్ద భాగం ఓడలకెక్కించి చైనాకు పంపేది. 2018లో చైనా ఇంటి ప్లాస్టిక్ చెత్తను వద్దంది. తీసుకునే మిగతా సరుకుల్లోనూ పరాయి పదార్థం నూటికి అరవంతు మించకూడదంది. అంటే 200 కిలోల అట్టల్లో ఒక కిలో కంటే ఎక్కువ మురికి ఉండకూడదు. మన ఉగాది సంచి ఆ పరీక్షలో నెగ్గేదా?

బాగా పనికివచ్చేవీ ఉన్నాయి. అల్యూమినియాన్ని ఖనిజం నుంచి కొత్తగా తీసేకంటే పాత డబ్బాలు కరిగించి చేస్తే 95 శాతం దాకా శక్తి ఆదా అవుతుంది. గాజును, అల్యూమినియాన్ని ఎన్నిసార్లయినా కరిగించవచ్చు. కాగితం అలా కాదు. కరిగించినప్పుడల్లా దాని పీచు పొట్టిదవుతుంది. ఐదు నుంచి ఏడుసార్లకు ఇక పనికిరాదు.

సీసాల డబ్బు సంగతి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో 1987 నుంచి ఈ పద్ధతి ఉంది. 24 ఔన్సుల లోపు సీసాకు 5 సెంట్లు, 24 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే 10 సెంట్లు కొనేటప్పుడే మన దగ్గర తీసుకుంటారు. ఖాళీ సీసా తిరిగి ఇస్తే వెనక్కి ఇస్తారు. పాల సీసాలకు ఇది లేదు.

5. ఏ డబ్బాలోనూ వేయకూడనివి

ఇది తల్లిదండ్రులు ప్రత్యేకంగా చదవాలి. బ్యాటరీలు, పాత సెల్‌ఫోనులు, ట్యూబులైట్లు, రంగు డబ్బాలు, పురుగుమందులు, కారు నూనె, మిగిలిన మందుమాత్రలు ఏ డబ్బాలోనూ వేయకూడదు. మామూలు చిన్న బ్యాటరీలను కూడా చెత్తలో వేయడాన్ని కాలిఫోర్నియా 2006లోనే నిషేధించింది. లిథియం బ్యాటరీ మరీ ప్రమాదం. చెత్త లారీలో అదుముడికి నలిగితే నిప్పు అంటుకుంటుంది. పిల్లల వెలిగే బూట్లు, పాడే పుట్టినరోజు కార్డులు, దూదిబొమ్మలలో కూడా బ్యాటరీలు ఉంటాయి, చూసుకోండి.

వీటికోసం ప్రతి కౌంటీలోనూ ప్రత్యేక కేంద్రాలున్నాయి. అలమెడా కౌంటీలో ఓక్లాండ్, హేవర్డ్, లివర్‌మోర్, ఫ్రీమాంట్ ఊళ్ళలో ఉన్నాయి. గారెలు, బజ్జీలు వేయించిన నూనెను సింకులో పోయకండి. గొట్టంలో గడ్డకట్టి మురుగు వెనక్కి తంతుంది. చల్లారాక సీసాలో పోసి, అలాంటి కేంద్రంలో తీసుకుంటారేమో కనుక్కుని ఇవ్వండి.

6. మనకు కొత్తదేమీ కాదు

మా ఊళ్ళో పెరట్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు అందులోకి, అక్కడినుంచి గేదెకి. పేడ, ఊడ్చిన ఆకులు పెంటకుప్పకి, అక్కడినుంచి పొలానికి. పాత పేపర్లు కిలోల లెక్కన కొనే మనిషి వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాడు. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆవిడ వచ్చేది. మరీ చిరిగిన చీరలు బొంతలయ్యేవి. మా అమ్మకు రీసైక్లింగ్ అన్న మాట తెలియదు. కానీ మా ఇంటినుంచి బయటికి పోయే చెత్త గుప్పెడుండేది.

మన ఫ్రీజరులో పెరుగు డబ్బాల్లో పెరుగు తప్ప అన్నీ ఉంటాయని పిల్లలు వేళాకోళం చేస్తుంటారు. చేయనివ్వండి. వస్తువును మళ్ళీ వాడుకోవడం నీలం డబ్బాలో వేయడం కన్నా మేలు. అసలు కొనకపోవడం ఇంకా మేలు.

వేసవి సెలవుల్లో తాతగారింటికి వెళ్ళినప్పుడు పిల్లలు గమనించండి. 2016లో భారత ప్రభుత్వం తెచ్చిన నియమాలు ఇంటి చెత్తను తడి, పొడి, హానికరం అని మూడుగా వేరుచేయమన్నాయి. హైదరాబాదులో తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం బుట్ట ఇచ్చారు. ఇక్కడ నేర్చుకున్నది అక్కడా పనికివస్తుంది.

ఈ ఉగాదికి

ఈసారి భోజనాల దగ్గర మూడు డబ్బాలు పెడతాం. ఒక్కో డబ్బా పక్కన నా తరగతి పిల్లలు ఇద్దరేసి నిలబడతారు. వాళ్ళు చెప్పిన డబ్బాలోనే వేయండి. "ఏం కాదులేమ్మా" అనకండి. వీలైనవాళ్ళు ఇంటినుంచి స్టీలు కంచం, గ్లాసు తెచ్చుకోండి. హాలు ఖాళీ చేయడానికి అరగంట ముందే భోజనాలు ముగిస్తాం. సీసాల సంచి బాధ్యత ఆ పాపదే. దాని దగ్గరికి నన్ను రానివ్వనని ముందే చెప్పింది.

కొత్త మాటలు

తడి చెత్త – కుళ్ళే చెత్త. పొడి చెత్త – కాగితం, గాజు, లోహం, ప్లాస్టిక్ వంటివి. చెరగడం – చేటలో ఎగరేసి పొట్టు, దుమ్ము పోగొట్టడం. ఏరడం – ఒక్కొక్కటే వెతికి తీయడం. కుడితి – పశువులు తాగే కడుగునీళ్ళు. పెంటకుప్ప – పేడ, చెత్త వేసి ఎరువు చేసే కుప్ప. బొంత – పాత బట్టలతో కుట్టిన పక్క.

అభ్యాసం

1. ఇవి ఏ డబ్బాలో వేయాలి? కరివేపాకు రెబ్బ, ఖాళీ ఆవకాయ సీసా, చిప్స్ పొట్లం, నూనె అంటిన పిజ్జా పెట్టె, బొమ్మలోని బ్యాటరీ.
2. అల్యూమినియం డబ్బాను అయస్కాంతం లాగలేదు కదా. మరి యంత్రం దాన్ని ఎలా వేరుచేస్తుంది?
3. ఒక వారంపాటు మీ ఇంట్లో మూడు డబ్బాల్లో ఏమేమి వేశారో తెలుగులో రాసి తీసుకురండి.
4. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో ఫోనులో అడగండి: వాళ్ళ చిన్నప్పుడు ఇంటి చెత్త ఎక్కడికి పోయేది? జవాబు ఐదు వాక్యాల్లో రాయండి.

మొదటి ప్రశ్నకు జవాబులు: ఆకుపచ్చ, కడిగి నీలం, నలుపు, ఆకుపచ్చ, ఏ డబ్బాలోనూ వద్దు. ఐదూ సరిగ్గా రాసినవాళ్ళు మీ నాన్నగారిని కూడా ఒకసారి అడిగి చూడండి.